క్రాఫ్ట్ బీరు ధర: పెట్టిన ఖర్చు గ్లాసు దాకా వచ్చిందా?

హైదరాబాదులోనైనా బెంగళూరులోనైనా ఒక మైక్రోబ్రూవరీ (చిన్న మోతాదులో క్రాఫ్ట్ బీరు తయారుచేసి అక్కడే అమ్మే చోటు) మెనూ చేతికి తీసుకుంటే ఒక విచిత్రం వెంటనే కంటబడుతుంది. అరటిపండు వాసన వేసే జర్మన్ గోధుమ బీరు, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) దట్టించిన ఐపీఏ, కాఫీ రంగు స్టౌట్, బంగారు రంగు లాగర్ అన్నీ చాలా చోట్ల ఒకే ధరకు, లేదా పది ఇరవై రూపాయల తేడాతో ఉంటాయి. నిజానికి వీటిలో ఒకదానికి పట్టే సరుకు ఇంకొకదానికి పట్టదు. ఒకటి పది పన్నెండు రోజుల్లో సిద్ధమైతే ఇంకొకటి నెలన్నర ట్యాంకులో కూర్చుంటుంది. అయినా ధర ఒక్కటే అంటే, అది బీరును చూసి పెట్టిన ధర కాదని, ఆ హాలు అద్దెను, లైసెన్సు ఫీజును, చుట్టుపక్కల పోటీని చూసి పెట్టిన ధర అని అర్థం. ఈ సంగతి తెలిసిన మనిషికి అదే మెనూలో కొన్ని బీర్లు చవక, కొన్ని ఖరీదు.

‘ధరకు తగినదేనా’ అని అడిగేటప్పుడు మనం సాధారణంగా రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తుంటాం. ఈ బీరుకు ఇంత ధర ఎందుకు పడింది అన్నది మొదటిది. అది లెక్కల వ్యవహారం, దానికి జవాబు నాలుక మీద దొరకదు. పెట్టిన ఖర్చులో ఎంత భాగం రుచిగా, వాసనగా మారి నా గ్లాసు దాకా వచ్చింది అన్నది రెండోది. ఖర్చు చాలా అయినా రుచిలో కనిపించని బీర్లున్నాయి. పెద్దగా ఖర్చు లేకుండానే చక్కగా కుదిరేవీ ఉన్నాయి. బ్రూవరీలో అద్భుతంగా ఉండి, దుకాణం అలమారలో మూడు నెలలు మగ్గి మన చేతికొచ్చేసరికి సారం పోయినవీ ఉన్నాయి. ఈ మూడు రకాల మీదా ఒకే ధర చీటీ ఉండవచ్చు.

ముందుగా ఒక కొలతను పక్కన పెట్టాలి. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం స్ట్రాంగ్ బీరే. రూపాయికి ఎంత కిక్కు అన్న లెక్కే అందుకు ప్రధాన కారణం. ఆ లెక్క వేసి చూద్దాం. 7.5 శాతం ఆల్కహాలున్న 650 మి.లీ. సీసా 180 రూపాయలనుకుంటే, అందులో దాదాపు 49 మి.లీ. ఆల్కహాలు ఉంటుంది, అంటే మిల్లీలీటరుకు 4 రూపాయల లోపు. 5 శాతం ఉన్న 330 మి.లీ. క్రాఫ్ట్ గ్లాసు 350 రూపాయలనుకుంటే అందులో ఉండేది 16.5 మి.లీ., మిల్లీలీటరుకు 21 రూపాయలు. అయిదు రెట్లకు మించిన తేడా ఇది. ఈ కొలతతో చూస్తే ఏ క్రాఫ్ట్ బీరూ ఎప్పటికీ ధరకు తగినది కాదు, అందులో వాదించడానికేమీ లేదు. మిగిలిన చర్చంతా రుచి కోసం డబ్బు పెట్టదలచుకున్నవారికి మాత్రమే పనికొస్తుంది.

రెండో జాగ్రత్త పరిమాణం. బ్రిటన్‌లో పింట్ అంటే 568 మి.లీ., అమెరికాలో 473 మి.లీ., మన వైన్స్‌లో పింట్ అంటే 330 మి.లీ. సీసా. మైక్రోబ్రూవరీల్లో 300, 330, 500 మి.లీ. గ్లాసులు కనిపిస్తాయి, అన్నిటినీ సర్వర్లు పింట్ అనే పిలుస్తుంటారు. పైగా జర్మనీలో గ్లాసు మీద ఉండే కొలత గీత మన దగ్గర చాలా చోట్ల ఉండదు. కాబట్టి 100 మి.లీ.కి ఎంత పడిందో చూసుకోకుండా రెండు చోట్ల ధరలను పోల్చడం వృథా. మెనూలో రాసిన ధర మీద పన్ను, సర్వీసు చార్జీ వేసి బిల్లు వచ్చాకే ఆ లెక్క వేసుకోవాలి.

ధర ఎక్కడ పుడుతుంది

అమెరికాలోని తెలుగువారు తరచూ వేసే పోలిక ఒకటుంది. అక్కడ నాలుగు క్యాన్ల హేజీ ఐపీఏ (మసకగా ఉండే ఐపీఏ) ప్యాకు దాదాపు 16 నుంచి 22 డాలర్లు. పెద్ద కంపెనీ లాగర్ పన్నెండు క్యాన్లు కూడా ఇంచుమించు ఆ డబ్బుకే వస్తాయి. ఆ తేడాకు పన్ను కారణం కాదు. ఏడాదికి 20 లక్షల బ్యారెళ్ల లోపు తయారుచేసే అమెరికన్ బ్రూవరీ తన మొదటి 60 వేల బ్యారెళ్ల మీద కట్టే ఫెడరల్ ఎక్సైజు పన్ను బ్యారెల్‌కు 3.50 డాలర్లు. బ్యారెల్ అంటే దాదాపు 117 లీటర్లు, కనుక లీటరుకు 3 సెంట్లు. పెద్ద కంపెనీలు కట్టేది బ్యారెల్‌కు 16 నుంచి 18 డాలర్లు. అంటే పన్ను విషయంలో చిన్నవాడికే వెసులుబాటు ఎక్కువ.

అయినా చిన్నవాడి బీరే ఖరీదు కావడానికి మొదటి కారణం పరిమాణం. పది మంది పనిచేసే బ్రూవరీలో ఒక విడతకు రెండు వేల లీటర్లు తయారైనా, పెద్ద కర్మాగారంలో లక్షల లీటర్లు తయారైనా, ఆ విడతను కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి గంటలు ఆ నిష్పత్తిలో పెరగవు. రెండోది, 1933లో మద్య నిషేధం ఎత్తివేశాక అక్కడ స్థిరపడిన మూడంచెల విధానం: తయారీదారు పంపిణీదారుకు, అతను దుకాణానికి, దుకాణం మనకు. ఒక్కొక్క అంచెలో దాదాపు నాలుగో వంతు లాభం కలుస్తూ పోతుంది. బ్రూవరీ వాకిట్లోనే ఉండే ట్యాప్‌రూమ్‌లో తాగినప్పుడు ఈ మధ్యవర్తులు ఉండరు. ధర తగ్గుతుందా అంటే అదీ లేదు. ఆ మిగులు బ్రూవరీకే పోతుంది. కానీ బీరు ఆ ఇంట్లోనే పుట్టినది కనుక తాజాదనం దొరుకుతుంది.

ఇక్కడికి వస్తే చిత్రం పూర్తిగా మారిపోతుంది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. ఎక్సైజు, వ్యాట్, లైసెన్సు ఫీజులు అన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దుకాణానికి చేరే సీసా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ గుండానే రావాలి, దాని ధరను ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ ధరల సవరణ లేదని, బకాయిలు పేరుకున్నాయని చెప్పి తెలంగాణకు బీరు సరఫరా ఆపేసి, కొద్ది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరలను 15 శాతం పెంచింది. సీసాలోని ద్రవం ఒక్క చుక్క కూడా మారకుండా దాని ధర మారిందన్నమాట. కనుక మన దగ్గర ధరను నాణ్యతకు సూచికగా చూడటం అమెరికాలో కంటే మరింత ప్రమాదం. ఒక రాష్ట్రంలో 200 రూపాయలకు దొరికే క్యాను సరిహద్దు దాటితే 280 అయితే, ఆ 80 రూపాయలకు రుచిలో జవాబు వెతకనక్కరలేదు.

సరుకు ఖర్చు, కాలం ఖర్చు

గ్లాసులో ఉన్న పదార్థానికి అసలు ఎంత ఖర్చవుతుంది? 5 శాతం బీరు ఒక లీటరు తయారుకావడానికి స్థూలంగా 200 గ్రాముల మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, కావాలి. ఆల్కహాలు శాతం పెరిగేకొద్దీ మాల్ట్ కూడా పెరుగుతుంది. పెద్ద కంపెనీలు ఇందులో కొంత భాగాన్ని నూకలతోనో మొక్కజొన్నతోనో చక్కెరతోనో భర్తీ చేస్తాయి. దాన్ని మోసం అనడం తొందరపాటు. నూకలు వేస్తే బీరు తేలికగా, గొంతు దిగేలా వస్తుంది, జపాన్‌లో బియ్యం వేసిన మంచి లాగర్లున్నాయి. కానీ ‘నూరు శాతం మాల్ట్’ అన్న మాటకు ఎక్కువ డబ్బు అడిగినప్పుడు, ఆ మాల్ట్ నోట్లో నిండుదనంగా, రొట్టె కాలిన వాసనగా తెలియాలి. తెలియకపోతే ఆ మాటకు డబ్బు కట్టాల్సిన పని లేదు.

హాప్స్ కథ వేరు. సాధారణ లాగర్‌లో లీటరుకు ఒకటి రెండు గ్రాముల హాప్స్ కూడా పడవు, అవి కూడా చేదు కోసమే. హేజీ ఐపీఏలో లీటరుకు పది నుంచి ఇరవై గ్రాములు వేస్తారు, అందులో ఎక్కువ భాగం బీరు పులిసిన తర్వాత చల్లగా కలిపేదే. సిట్రా, మొజాయిక్, ఆస్ట్రేలియా గెలాక్సీ, న్యూజిలాండ్ నెల్సన్ సావిన్ వంటి పేరున్న రకాలు మామూలు చేదు హాప్స్ కంటే చాలా ఖరీదు. మన దేశానికి హాప్స్ దాదాపు అన్నీ దిగుమతే. పైగా ఆ హాప్స్ గుజ్జు ట్యాంకు అడుగున దిగేటప్పుడు చెప్పుకోదగ్గ మొత్తంలో బీరును పీల్చుకుని తనతో తీసుకుపోతుంది, అదంతా కాలువ పాలే. కాబట్టి హేజీ ఐపీఏ ఖరీదుగా ఉండటానికి న్యాయమైన కారణం ఉంది. అయినా అతిగా ఊహించుకోకూడదు. అమెరికా ధరల్లో మోటుగా లెక్కేస్తే 473 మి.లీ. క్యానులో మాల్ట్, హాప్స్, పులియబెట్టే ఈస్ట్ అన్నీ కలిపి అర డాలరుకు అటూఇటూ. క్యాను ధర నాలుగైదు డాలర్లు. అల్యూమినియం డబ్బా, జీతాలు, అద్దె, శీతలీకరణ, పంపిణీ కలిసి మింగేదే అసలు ధర.

ఇప్పుడు కాలం లెక్క చూడాలి, ఎందుకంటే మెనూలో దాక్కున్న అసలు రహస్యం ఇక్కడే ఉంది. ఏల్ రకం బీర్లు (ఐపీఏ, స్టౌట్, గోధుమ బీరు ఇందులోవే) 18 నుంచి 20 డిగ్రీల దగ్గర చకచకా పులుస్తాయి. రెండు వారాల్లో ట్యాంకు ఖాళీ. లాగర్‌ను 10, 12 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులియబెట్టి, తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిలవ ఉంచాలి. పద్ధతిగా చేస్తే మొత్తం ఆరు వారాలు. ఒకే ట్యాంకులో ఏడాదికి 26 విడతల ఏల్ తీయగలిగినచోట ఎనిమిది తొమ్మిది విడతల లాగర్ మాత్రమే వస్తుంది. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్న హైదరాబాదులో ఆ ట్యాంకును అన్ని రోజులు చల్లగా ఉంచడానికయ్యే కరెంటు బిల్లు అదనం. ఒకే ధర మెనూలో లాగర్ తాగేవాడికి గోధుమ బీరు తాగేవాడు కొంత డబ్బు కడుతున్నాడన్నమాట. గోధుమ బీరులో హాప్స్ తక్కువ, వడపోత అక్కరలేదు, పది పన్నెండు రోజుల్లో సిద్ధం. మైక్రోబ్రూవరీకి అంతకు మించిన లాభసాటి సరుకు లేదు. మన దేశపు మైక్రోబ్రూవరీలన్నిటిలోనూ అదే ముందు వరుసలో ఉండటానికి జనం ఇష్టం ఒక్కటే కారణం కాదు.

లాగర్‌కు ఇంకో గుణం ఉంది. అందులో తప్పు దాచుకోవడానికి చోటు లేదు. ఐపీఏలో హాప్స్ వాసన, స్టౌట్‌లో మాడ్చిన మాల్ట్ వాసన, విట్ అనే బెల్జియం గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క చాలా లోపాలను కప్పేస్తాయి. పిల్స్‌నర్ అనే లేత రంగు లాగర్‌లో తొందరపడి ట్యాంకు ఖాళీ చేస్తే వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన వెంటనే బయటపడతాయి. కొత్త చోటికి వెళ్లినప్పుడు మొదట అక్కడి లాగర్‌నో, దానిలాగే తేలికగా ఉండే కోల్ష్‌నో చిన్న గ్లాసు తీసుకుని చూడటం నా అలవాటు. అది శుభ్రంగా ఉంటే మిగిలినవాటి మీద నమ్మకంగా డబ్బు పెట్టవచ్చు, అది కుదరకపోతే మామిడి బీరుతో సరిపెట్టుకోవడం మంచిది.

మామిడి బీరు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. వేసవిలో బంగినపల్లి పేరో ఆల్ఫాన్సో పేరో పెట్టి అదనపు ధరకు అమ్మే బీర్లలో నిజంగా పండు గుజ్జు వేసి పులియబెట్టినది సాధారణంగా మనం ఊహించినంత తియ్యగా ఉండదు, ఎందుకంటే పండులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది వాసన, కాస్త పులుపు. కూల్‌డ్రింకులా తియ్యగా, ఒకే స్వరంలో ఉంటే చివర్లో సిరప్ కలిపి ఉండే అవకాశమే ఎక్కువ. దానికి పండు ధర కట్టడం దండగ.

కాలం ఖర్చు అసలైన అర్థంలో కనిపించేది పీపాల్లో నిలవ ఉంచే స్టౌట్లలో, బెల్జియం లాంబిక్‌లలో. పన్నెండు శాతం స్టౌట్‌కు మామూలు బీరు కంటే రెండు రెట్లకు పైగా మాల్ట్ కావాలి. దాన్ని నింపే 200 లీటర్ల బర్బన్ పీపాలు దొరకడానికి కారణం అమెరికా చట్టమే: బర్బన్ విస్కీని ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే నిలవ ఉంచాలి కనుక పాత పీపాలు బ్రూవరీలకు చేరుతాయి. ఎనిమిది నెలలో ఏడాదో ఆ పీపాల్లో ఉండగా కొంత ఆవిరైపోతుంది, కొన్ని పీపాలు పాడై పారబోయవలసి వస్తుంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల తయారయ్యే లాంబిక్‌కు ఈస్ట్ కూడా కలపరు. వేడి ద్రవాన్ని రాత్రంతా వెడల్పు తొట్టిలో గాలికి వదిలేస్తారు, గాలిలోని సూక్ష్మజీవులే పని చేస్తాయి. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిలవున్న లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గ్యూజ్ అవుతుంది. అందులో ఉన్న నష్టభయం తెలియాలంటే త్రీ ఫోంటైనెన్ సంస్థకు 2009లో ఏం జరిగిందో చూస్తే చాలు. గోదాములో ఉష్ణోగ్రతను అదుపుచేసే పరికరం చెడిపోయి, వేడికి సీసాలు పేలిపోయాయి. వేలాది సీసాల సరుకు పాడైంది. పాడైన బీరును బట్టీ పెట్టి స్పిరిట్‌గా అమ్మి ఆ సంస్థ కొంత నిలదొక్కుకుంది. ఇలాంటి సీసాకు ఎక్కువ ధర అడిగినప్పుడు అందులో మూడేళ్ల అద్దె, మూడేళ్ల జూదం రెండూ ఉన్నాయి, ఆ కాలం రుచిలోనూ తెలుస్తుంది.

గ్లాసు దాకా ప్రయాణం

అంత ఖరీదైన హాప్స్ వేసి, అంత బీరును గుజ్జుకు వదులుకుని తయారుచేసిన హేజీ ఐపీఏలో ఆ ఖర్చంతా మూర్తీభవించేది వాసనలోనే. ఆ వాసన నిలిచేది చల్లగా ఉంచితే నెల, రెండు నెలలు. చెట్టు దించిన కల్లు పొద్దున ఒకలా, సాయంత్రానికి మరోలా ఉంటుందని తెలిసిన మనకు ఇది కొత్తగా చెప్పక్కరలేదు. గంటల బదులు వారాలు, అంతే తేడా. బీరు రవాణా చేసేవారిలో 3-30-300 అనే మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది: 32 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉన్న బీరు, 22 డిగ్రీల్లో 30 రోజులు ఉన్న బీరు, 3 డిగ్రీల చలిలో 300 రోజులు ఉన్న బీరు ఇంచుమించు ఒకేలా పాడవుతాయి. విజయవాడలో మే నెలలో గోదాము బయట లారీలో రెండు రోజులు ఆగిన సరుకును ఈ లెక్కలో పెట్టి చూడండి. తర్వాత దుకాణంవాడు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మంచులా చల్లబరిచి ఇచ్చినా పోయిన వాసన తిరిగి రాదు.

అందువల్ల క్యాను కొనేముందు దాన్ని తిరగేసి చూడటం అన్నిటికంటే లాభదాయకమైన అలవాటు. అమెరికా క్యాన్లలో అడుగున సన్నని అక్షరాల్లో నింపిన తేదీ కొట్టి ఉంటుంది. కొన్నిటిలో నింపిన తేదీ బదులు ‘ఈ తేదీలోగా తాగాలి’ అని మాత్రమే ఉంటుంది. గడువు ఎన్ని నెలలకు వేశారో తెలియనప్పుడు అది పెద్దగా పనికిరాదు. మన సీసాల మీద తయారీ తేదీ, బ్యాచి నంబరు ఉంటాయి, చాలామంది చూడరు, అంతే. హాప్స్ బీరుకు మూడు నెలలు దాటితే నేను సగం ధరకు కూడా ఆలోచిస్తాను. స్టౌట్, బెల్జియం డబ్బెల్, క్వాడ్ వంటి ముదురు, బలమైన బీర్లకు ఈ భయం చాలా తక్కువ. గ్యూజ్‌కైతే వయసు అందం.

వేడి తర్వాతి శత్రువు వెలుతురు. హాప్స్‌లోని చేదు పదార్థం వెలుతురు తగిలి విరిగి, గంధకపు వాసన ఇచ్చే పదార్థంగా మారుతుంది. నేరుగా ఎండ పడితే నిమిషాల్లోనే ఇది మొదలవుతుంది. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా, తెల్ల సీసా ఆపవు, క్యానులోకి వెలుతురే పోదు. దిగుమతి బీరు పచ్చ సీసాలో ఉంటే ఖరీదుగా, గొప్పగా అనిపించడం చాలామందికి అలవాటైపోయింది. నిజానికి దుకాణం ట్యూబులైటు కింద నిలబడ్డ పచ్చ సీసా కంటే అట్టపెట్టెలోంచి తీసిన క్యానే భద్రం.

మైక్రోబ్రూవరీలో ఈ చిక్కులు చాలావరకు లేవు. ట్యాంకుకూ కుళాయికీ మధ్య దూరం పది అడుగులు. అక్కడ చూడాల్సింది గొట్టాల శుభ్రత, గ్లాసు శుభ్రత. గ్లాసు బల్ల మీదికి రాగానే పక్క గోడలకు బుడగలు గుత్తులుగా అంటుకుని ఉంటే లోపల జిడ్డు ఉందని అర్థం; శుభ్రమైన గ్లాసులో బుడగలు గోడలకు అంటుకోకుండా పైకి లేస్తాయి, తాగేకొద్దీ నురుగు గోడ మీద వలయాలుగా మిగులుతుంది. తర్వాత తాగకముందే వాసన చూడాలి. పుల్లని వెనిగరు వాసన, జిడ్డుగా పాకే వెన్న వాసన వస్తే గొట్టాలు కడిగి చాలా రోజులైందని అనుమానించవచ్చు. వాటిని రెండు వారాలకోసారి రసాయనంతో కడగాలన్నది ఆ వృత్తిలో పాటించాల్సిన నియమం. పచ్చి ఆపిల్ వాసన వస్తే బీరు పూర్తిగా పక్వం కాకుండానే తీశారని, తడిసిన అట్ట వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. ఉడికించిన మొక్కజొన్న వాసన లాగర్‌లో లీలగా ఉంటే సరే, అదే ముందుకొస్తే మాల్ట్‌ను సరిగా మరిగించలేదన్నమాట. ఇంకో సంగతి: మరీ చల్లగా ఇస్తే ఏ వాసనా తెలియదు. స్టౌట్, ఐపీఏలను అయిదు నిమిషాలు బల్ల మీద ఉండనిచ్చి అప్పుడు తీర్పు చెప్పాలి. లేకపోతే మూడు వందల యాభై పెట్టి చలిని తాగినట్టే.

పేరుకు కట్టే డబ్బు

సరుకు, కాలం, తాజాదనం అన్నీ లెక్కకట్టాక కూడా కొన్ని బీర్ల ధరలో పెద్ద భాగం మిగిలిపోతుంది. అది పేరుది. బెల్జియంలోని సెయింట్ సిక్స్‌టస్ మఠంలో సన్యాసులు తయారుచేసే వెస్ట్‌వ్లెటెరెన్ 12 దీనికి మంచి ఉదాహరణ. 2005లో రేట్‌బీర్ అనే వేదిక అభిప్రాయ సేకరణలో అది ప్రపంచంలోనే మేటి అనిపించుకున్నాక జనం ఎగబడ్డారు. సన్యాసులు ఉత్పత్తి పెంచలేదు, ధరను అమాంతం పెంచలేదు; మఠం దగ్గర సీసా రెండు మూడు యూరోల లోపే ఉంటూ వచ్చింది, కొన్నవారు తిరిగి అమ్మకూడదని షరతు పెట్టారు. ఆ షరతును ఖాతరు చేయనివారు బయట దాన్ని ఎన్నో రెట్లకు అమ్మారు. 2012లో మఠం భవనాల మరమ్మతులకు నిధుల కోసం ఒక్కసారి అమెరికాలో అమ్మినప్పుడు ఆరు సీసాలు, రెండు గ్లాసుల పెట్టె ధర 85 డాలర్ల దగ్గర పలికింది. అదే బీరు, అదే ట్యాంకు. మఠం వాకిట్లో అది బహుశా లోకంలోనే అత్యంత చవకైన గొప్ప బీరు. నల్లబజారులో అది కేవలం కొరత ధర.

పేరు మన నాలుకనే మార్చేస్తుందన్నది కూడా నిజం. 2006లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో లెనార్డ్ లీ, షేన్ ఫ్రెడరిక్, డాన్ ఏరియలీ బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి బార్లలో జనానికి ఇచ్చారు. ఏం కలిపారో తెలియనివారిలో చాలామంది ఆ కలిపినదాన్నే మెచ్చుకున్నారు. తాగకముందే తెలిసినవారు మాత్రం వద్దన్నారు. తాగిన తర్వాత తెలిసినవారి అభిప్రాయం పెద్దగా మారలేదు. అంటే ముందే తెలిసిన సమాచారం అసలు అనుభవంలోకే చొరబడుతోంది. ధర కూడా అలాంటి సమాచారమే. దీనికి విరుగుడు ప్రయోగశాలల్లో వాడే మూడు గ్లాసుల పరీక్ష: రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరొకటి పోసి, వేరైనది ఏదో చూడకుండా చెప్పమనాలి. ఊరికే ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక నాలుగైదు సార్లు చేయాలి. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు 150 రూపాయల లాగర్‌నూ 350 రూపాయల లాగర్‌నూ ఇలా పెట్టి చూస్తే వాదనలు తొందరగా తెగుతాయి. యూరప్ లాగర్లు మూడింటితో ఇలాంటి పరీక్షే చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో జనం వాటి మధ్య తేడా సరిగ్గా పట్టలేకపోయారు. ఒకే రకపు పెద్ద కంపెనీ లాగర్ల మధ్య ధర తేడాలకు ఎక్కువ విలువ ఇవ్వక్కరలేదని నేను అనుకోవడానికి అదొక కారణం. ఐపీఏ పక్కన స్టౌట్ పెడితే మాత్రం పరీక్షే అక్కరలేదు.

‘క్రాఫ్ట్’ అన్న ముద్రను ఎంతవరకు నమ్మాలి? అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ అనే బ్రూవరీల సంఘం లెక్కన ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లకు మించకుండా తయారుచేసి, క్రాఫ్ట్ కాని మద్యం కంపెనీకి 25 శాతం లోపు వాటా మాత్రమే ఉన్నది క్రాఫ్ట్ బ్రూవరీ. గూస్ ఐలండ్ బ్రూవరీ 2011లో ఆన్‌హైజర్-బుష్ అనే పెద్ద బీరు కంపెనీ చేతికి వెళ్లడంతో ఆ నిర్వచనం నుంచి బయటికి పోయింది. కానీ దాని పీపా స్టౌట్ కోసం ఇప్పటికీ జనం బారులు తీరుతారు. స్వతంత్ర సంస్థకు డబ్బు చేరాలని కోరుకోవడం న్యాయమైన కోరికే, దానికోసం కొంత ఎక్కువ కట్టడంలో తప్పు లేదు. అయితే అది అభిమానానికి కట్టేది, రుచికి కట్టేది కాదు. రెంటినీ వేరుగా రాసుకుంటే లెక్క తేటగా ఉంటుంది.

ఇంతా చూశాక, హైదరాబాదు మెనూ ముందు కూర్చున్న నా లాంటివాడి ఎంపిక ఇలా ఉంటుంది. ఒకే ధర అయితే లాగర్‌నో ఆ చోట బాగా చేసే ఐపీఏనో ముందు అడుగుతాను. చాలా చోట్ల ఇచ్చే నాలుగైదు చిన్న గ్లాసుల సాంప్లర్ తీసుకుంటే ఏది బాగుందో పది నిమిషాల్లో తేలుతుంది. తాజా గోధుమ బీరును, దాని తయారీ చవకైనా సరే, దిగుమతి సీసా కంటే పైన పెడతాను, ఎందుకంటే ఆ లవంగం, అరటిపండు వాసనలు ఓడ ప్రయాణంలో మొదట పోయేవి. ఖర్చు తక్కువైనా అది గ్లాసు దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. లోపం కనిపిస్తే మొహమాటపడకుండా మార్చమంటాను, మంచి చోట మారుస్తారు కూడా. దిగుమతి సుంకాలు మోసుకుని వచ్చిన సీసాల్లో డబ్బు పెట్టాలనుకుంటే బెల్జియం డబ్బెల్, క్వాడ్, దొరికితే గ్యూజ్ కొంటాను. వాటికి ఆరు నెలల ప్రయాణం పెద్ద నష్టం కాదు, ఇక్కడ వాటిలాంటివి చేసేవారూ తక్కువ. అదే అరలో పక్కనే ఉన్న విదేశీ ఐపీఏను మాత్రం, అది ఎంత పేరున్నదైనా, తేదీ చూడకుండా ముట్టుకోను.